తాంబూలాలయ్యాక, తాళికి ముందు

మొన్న మాఘమాసంలో మా అక్క కూతురికి రొళ్లలో నిశ్చయ తాంబూలాలు జరిగాయి. అబ్బాయిది సరిహద్దు అవతల, కర్ణాటకలో శిర వైపు పల్లె. మా దిక్కున ఇది వింతేమీ కాదు. రొళ్ల, అగళి, అమరాపురం, గుడిబండ, మడకశిర మండలాల్లో ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడం. సంబంధాలు కూడా అట్లే గీత దాటి పోతుంటాయి. తాంబూలానికి కావలసిన వక్క మా తోటల్లోనే పండుతుంది గనక ఆ ముచ్చటకు ఎప్పుడూ లోటు లేదు.

నాలుగో రోజున పిల్ల ఫోను చేసింది.

"చిన్నమ్మా, వచ్చే ఆదివారం ఫోటోలకు పోవల్లంట. నువ్వు తోడు రావల్ల."

"తాంబూలాల రోజు తీసినారు కదమ్మా?"

"అవి కాదు. మేమిద్దరమే పోయి తీసుకునేవి. లేపాక్షిలో."

నాకు నవ్వొచ్చింది. పెళ్లిచూపుల రోజున ఈ పిల్ల అబ్బాయితో అయిదు నిమిషాలు విడిగా మాట్లాడతానంటే మా బావ ఒప్పుకోలేదు. "అన్నీ మేం కనుక్కున్నాం కదా, నువ్వు కొత్తగా ఏం అడుగుతావు?" అన్నాడు. ఆ మనిషే ఇప్పుడు కారు మాట్లాడి, ఫోటోగ్రాఫరుకు అడ్వాన్సు ఇచ్చి, ఇద్దరినీ రోజంతా బయటికి పంపడానికి సిద్ధమయ్యాడు. ఎందుకు బావా అంటే, "అందరూ తీసుకుంటాండారు, మనం తీసుకోకపోతే వాళ్లవైపు ఏమనుకుంటారు?" అన్నాడు. మాటకు దొరకని అనుమతి ఫోటోకు దొరికింది. ఈ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

తిరిగి రాని ఫోటో

మా కాలంలో పెళ్లికి ముందు ఫోటో అంటే ఒక్కటే. పట్నంలో స్టూడియోకు తీసుకెళ్లి, రంగుల తోట వేసిన తెర ముందు నిలబెట్టి, ఒక చెయ్యి స్టూలు మీద పెట్టించి తీసేవారు. ఆ ఫోటో కవరులో పెట్టుకుని మధ్యవర్తి ఇల్లిల్లూ తిరిగేవాడు. సంబంధం కుదరకపోతే ఫోటో వెనక్కి రావాలి. కొన్ని వచ్చేవి, కొన్ని రావు. రాని ఫోటో గురించి మా అమ్మ పడ్డ బాధ నాకు గుర్తుంది. "ఎవరి బీరువాలో పడి ఉందో, ఎవరెవరు చూస్తాండారో" అని నెలల తరబడి అనేది. అది ఒక్క ఫోటో. నిండుగా చీర కట్టుకుని ఒంటరిగా నిలబడిన ఫోటో.

ఇప్పుడు తీసేవి వందల్లో. పక్కన అబ్బాయి ఉంటాడు. దానికి పాట కలిపి వీడియో చేస్తారు. అదే రోజు సాయంత్రానికి అవి స్టూడియో వాళ్ల పేజీలోకి, స్నేహితుల వాట్సాప్ స్టేటసుల్లోకి, మేనత్తల గ్రూపుల్లోకి పోతాయి. పెళ్లి నిలిచిపోతే వాటిని వెనక్కి తెచ్చుకోవడానికి ఏ మధ్యవర్తి ఉన్నాడు?

ఊహించి రాయడం లేదు. మాకు తెలిసిన ఇంట్లో ఒక నిశ్చితార్థం, కారణం ఏదైనా, పెళ్లికి నెల ముందు రద్దయింది. రెండేళ్ల తరువాత ఆ పిల్లకు వేరే సంబంధం చూస్తుంటే, అబ్బాయి చిన్నాన్న ఫోనులో పాత వీడియో తీసి చూపించాడు. పిల్ల తల్లి చెప్పి ఏడ్చింది. ఆ మొదటి అబ్బాయికి మాత్రం ఆ లోపలే పెళ్లయింది, అతన్ని ఏ వీడియో గురించీ ఎవరూ అడగలేదు. ఇద్దరూ ఉన్న ఫోటోలో మచ్చ ఒకరికే అంటుతుందన్నమాట.

పత్రికలకెక్కిన జంటలు

ఈ మోజు మన దేశంలో పుట్టింది కాదు. తైవాను, చైనా వంటి చోట్ల పెళ్లికి చాలా ముందే స్టూడియోకు వెళ్లి, అద్దె బట్టలు కట్టుకుని ఆల్బం తీయించుకోవడం ఎన్నో ఏళ్లుగా ఉంది. మన దగ్గర సినిమా పాటలు తోడయ్యాయి. పెద్ద ఊళ్ల వాళ్లు చేసింది హిందూపురం, ధర్మవరం దాకా వచ్చి, అక్కడి నుంచి రొళ్ల దాకా రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

దీని మీద దేశంలో పెద్ద చర్చే జరిగింది. 2019 డిసెంబరులో భోపాల్‌లో గుజరాతీ, జైన, సింధీ సమాజాల పెద్దలు తమవాళ్లు పెళ్లికి ముందు ఇట్లాంటి ఫోటోలు తీయించుకోరాదని నిషేధం పెట్టారు. సంస్కృతి పాడవుతోందని వాళ్ల అభిప్రాయం. నాకు ఈ నిషేధాల మీద గౌరవం లేదు. కట్నం మీద ఇంత తొందరగా కూర్చుని తీర్మానం చేసిన కులసంఘాన్ని నేను ఎరగను. ఆడపిల్ల నవ్వుతూ మగపిల్లవాడి పక్కన నిలబడితే మాత్రం రాత్రికి రాత్రే సమావేశం పెట్టగలరు.

అట్లాగని అన్నీ మెచ్చుకోదగ్గవి అనను. 2023 సెప్టెంబరులో హైదరాబాదులో పోలీసు ఉద్యోగులైన ఒక జంట పంజాగుట్ట స్టేషను ఆవరణలో, యూనిఫాంలో, పోలీసు వాహనాలతో వీడియో తీయించుకుంది. అప్పటి కమిషనరు సి.వి. ఆనంద్ వాళ్లను శిక్షించలేదు. కాస్త ఉత్సాహం ఎక్కువైందని, ముందే అడిగి ఉంటే అనుమతి ఇచ్చేవాళ్లమని చెప్పి శుభాకాంక్షలు తెలిపారు. పెద్దమనిషి తరహా అంటే అది. కానీ మాకు మరింత దగ్గరగా, చిత్రదుర్గ జిల్లా భరమసాగరలో 2024 ఫిబ్రవరిలో ఒక కాంట్రాక్టు డాక్టరు ప్రభుత్వాసుపత్రి ఆపరేషను గదిలోనే కాబోయే భార్యతో, ఆపరేషను చేస్తున్నట్టు నటిస్తూ ఫోటోలు దిగాడు. ఉద్యోగం పోయింది. పోవలసిందే. మా పల్లెల ఆడవాళ్లు కాన్పుకు పోయేది అట్లాంటి ఆసుపత్రులకే.

అన్నింటికన్నా బాధ కలిగించింది 2020 నవంబరు నాటిది. మైసూరు జంట తలకాడు దగ్గర కావేరిలో పుట్టి ఎక్కి ఫోటోలు తీయించుకుంటుండగా మునిగి ఇద్దరూ చనిపోయారు. పెళ్లి ఇంకా రెండు వారాలు కూడా లేదు. ఎత్తు మడమల చెప్పులతో పుట్టిలో లేచి నిలబడబోతే పట్టు తప్పిందని అప్పటి వార్తలు. అందుకే మా పిల్ల ఫోటోగ్రాఫరు "మేడమ్, చెరువు గట్టు దిగి నీళ్లలో నిలబడితే బాగా వస్తుంది" అన్నప్పుడు నేను ఒక్క మాటే అన్నాను, వద్దని. వాన పడ్డ ఏడాది మా చెరువులు ఎంత లోతో, లోపల పూడిక ఎంతో గట్టు మీది వాళ్లకు తెలియదు. ఫోటోగ్రాఫరు చూపు కెమెరాలో ఉంటుంది, నీళ్ల మీద ఉండదు.

లేపాక్షిలో ఒక రోజు

సరే, పోవడానికి నిర్ణయమైంది. నేను పిల్లతో ముందు రోజు రాత్రి కూర్చున్నాను. ఏ చీర, ఏ నగ అన్న మాటలు అయ్యాక అడిగాను, "నీకు ఇష్టమేనా, లేక వాళ్లు అడిగినారని పోతాండావా?" కాసేపు ఊరుకుంది. "ఇష్టమే చిన్నమ్మా. ఆయనతో ఒక రోజన్నా మాట్లాడొచ్చు కదా" అంది. అసలు సంగతి అదీ. ఈ కాలం పిల్లలకు ఫోటోల పిచ్చి అని మనం విసుక్కుంటాం. వాళ్లలో ఎంతమందికి ఫోటో ఒక సాకో ఎప్పుడైనా అడిగామా?

అందుకే నేను చెప్పేది, సిద్ధం కావలసింది మొహానికి పూసుకునే క్రీములతో కాదని. తనకు నచ్చని పని చెయ్యమంటే ఏమనాలో పిల్ల ముందే అనుకోవాలి. ఇద్దరూ ఫోనులో ఒక మాట అనుకోవాలి: ఒకరు ఇబ్బంది అంటే రెండోవారు ఎందుకని అడగకుండా ఆపాలి. మా పిల్ల ఆ రాత్రే అతనికి ఫోను చేసి చెప్పింది. అతను "సరే" అన్నాడట, అంతే.

చీర సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఆడవాళ్ల పేజీ అనిపించుకోదు. మా అక్క ధర్మవరం పట్టుచీరే కట్టమంది. అంత వెడల్పు జరీ అంచు మధ్యాహ్నపు ఎండలో కెమెరాకు ఎదురు కొడుతుంది, మొహం నల్లగా పడుతుంది. పట్టుచీర ఉదయం ఎండ లేతగా ఉన్నప్పుడు గానీ సాయంత్రం నాలుగు దాటాక గానీ కట్టాలి. మధ్యలో నేత చీరో, చుడీదారో చాలు. లేపాక్షి గుడిలో చెప్పులు విప్పాలి, మధ్యాహ్నం బండ కాలుతుంది. నీళ్లు, మజ్జిగ, పిన్నీసులు నేనే సర్దుకున్నాను. గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. మామూలు యాత్రికుల ఫోటోలు వేరు, సినిమా తరహాలో సరంజామా దించి తీయాలంటే ముందే అనుమతి కావాలి. ఈ మాట మా ఫోటోగ్రాఫరు చెప్పలేదు, అక్కడి కాపలాదారు చెప్పాడు. డ్రోను పెట్టె మళ్లీ కారులోకి పోయింది.

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ గుడి 16వ శతాబ్దంలో, విజయనగరం అచ్యుతదేవరాయల కాలంలో కట్టింది. 2022లో యునెస్కో వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాకు ఎక్కింది. శివపార్వతుల పెళ్లి కోసం అక్కడ కట్టిన కల్యాణ మండపం పూర్తి కాలేదు. స్తంభాల మీద పెళ్లికి వచ్చిన దేవతలు, రుషులు అందరూ ఉన్నారు, పైకప్పు లేదు. జంటలన్నీ ఫోటోలకు అక్కడికే చేరతాయి. మేం పోయిన రోజు మాతో కలిపి మూడు జంటలు, వంతుల వారీగా.

ఇబ్బంది వచ్చింది అక్కడే. "సార్, మేడమ్ నడుం మీద చెయ్యి వెయ్యండి. మేడమ్, సార్ గుండె మీద తల పెట్టండి" అన్నాడు ఫోటోగ్రాఫరు. వాళ్లిద్దరూ అప్పటికి నేరుగా మాట్లాడుకున్నది పది మాటలుంటే ఎక్కువ. పిల్ల బిగుసుకుపోయింది. నేను నోరు తెరవబోయి ఆగాను. "నాకు ఇబ్బందిగా ఉంది" అని తనే అంది, మెల్లగా. అతను ఫోటోగ్రాఫరు వైపు తిరిగి, "అది వద్దులే అన్నా, ఊరికే నడుస్తాం, అట్లే తియ్యి" అన్నాడు. అతని తెలుగులో కన్నడం యాస.

ఆ రోజంతటిలో నాకు నచ్చిన మాట అది. మా బావ ఊరంతా విచారించి తెలుసుకున్న పొలం, తోట, జీతం వివరాల్లో ఈ సంగతి లేదు. వద్దంటే ఆగే మనిషా కాదా అన్నది ఏ మధ్యవర్తీ చెప్పలేడు.

మధ్యాహ్నం ఏకశిలా నంది దగ్గర చెట్టు నీడలో అన్నం తిన్నాం. నేను కావాలనే దూరంగా కూర్చున్నాను. తరువాత పిల్ల చెప్పింది, పెళ్లయ్యాక తన నర్సు ఉద్యోగం సంగతి అడిగిందట. తుమకూరులో చదివింది, రెండేళ్లుగా హిందూపురంలో చేస్తోంది. "నాకేం అభ్యంతరం లేదు, మా అమ్మను అడగల్ల" అన్నాడట. ఇది పెళ్లిచూపుల రోజున అడగవలసిన ప్రశ్న. ఫోటోల రోజు దాకా ఆగింది.

ఖర్చు ఎవరిది, ఫోటో ఎవరిది

ఫోటోలకు, వీడియోకు, కారుకు కలిపి మా బావకు అరవై వేలు దాటింది. మగపెళ్లివారు "ఫోటోలు మీ వైపే కదా" అన్నారు. ఆ "కదా" చాలా ఖరీదైనది. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. పెళ్లికి ముందైనా, అప్పుడైనా, తరువాతైనా పెళ్లి నిమిత్తం ఇచ్చే ఆస్తి, విలువైన సొత్తు కట్నమేనని చెబుతుంది. ఫోటో ఖర్చు ఆ లెక్కలోకి వస్తుందా రాదా అన్నది లాయర్లు వాదించుకోవచ్చు. వేరుశనగ మీద, వక్క మీద బతికే తండ్రికి మాత్రం అడిగి పెట్టించిన ఖర్చు ఏదైనా ఒకటే బరువు. ఇద్దరి ఫోటోలైతే ఇద్దరూ సగం పెట్టుకోవాలి. అబ్బాయి ఉద్యోగస్థుడు, పిల్ల ఉద్యోగస్థురాలు. ఇద్దరూ తండ్రుల జేబులు చూడకుండా తమ జీతంలో కుదిరినంత పెట్టుకుంటే ఫోటోలు తక్కువైనా సరే. నేను ఈ మాట అంటే మా అక్కకు కోపం వచ్చింది. రానీ.

ఇంకొకటి చాలామందికి తెలియదు. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద హక్కు ఎవరిది? 1957 నాటి కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, డబ్బిచ్చి తీయించుకున్నవారిదే. ఫోటోగ్రాఫరుది కాదు. కానీ స్టూడియోలు రసీదు వెనుక చిన్న అక్షరాల్లో "ప్రచారానికి వాడుకుంటాం" అని అచ్చు వేసి సంతకం తీసుకుంటున్నాయి. మనం చదవం. మా పిల్ల చదివింది. ఆ వాక్యం కొట్టేయించి, కింద నాలుగు ముక్కలు రాయించింది: మా ఇద్దరి రాతపూర్వక అనుమతి లేకుండా ఫోటోలు, వీడియో ఎక్కడా పెట్టరాదు, పెళ్లి నిలిచిపోతే స్టూడియో దగ్గర ఉన్నవన్నీ చెరిపేయాలి, తీసినవి ఇద్దరికీ చెరొక కాపీ ఇవ్వాలి. మూడోది ముఖ్యం. ఫోటోలన్నీ ఒకరి చేతిలోనే ఉంటే రేపు గొడవ వచ్చినప్పుడు అవి ఆయుధమవుతాయి. అట్లా బెదిరించేవాడు ఎదురైతే భయపడి దాచుకోవద్దు. 181కి గానీ 112కి గానీ ఫోను చేయాలి, వచ్చిన మెసేజీలు చెరిపేయకుండా ఉంచాలి.

"పెళ్లి నిలిచిపోతే" అన్న మాట కాగితం మీద చూసి మా అక్క "శుభమా అని అపశకునం మాటలు" అని చెంపలేసుకుంది. పంటకు బీమా కడితే పంట పోవాలని కోరుకున్నట్టా?

చిన్నపిల్లల తాంబూలాలు

ఒక్కటి అడక్కుండా ఉండలేను. ఈ ఫోటోల్లో కొన్ని చూస్తే ఆ పిల్ల వయసెంత అన్న అనుమానం వస్తుంది. పట్టుచీర, నగలు, పెదాలకు రంగు వేస్తే పదహారేళ్ల పిల్ల ఇరవై ఏళ్లదానిలా కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. దేశం మొత్తం మీద అది 23.3 శాతం. మనం దేశం కన్నా వెనుకే ఉన్నాం.

2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం పెళ్లిని ఆపుతుంది. చేసినవారికి, చేయించినవారికి రెండేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా అంటుంది. నిశ్చితార్థం గురించి నేరుగా ఏమీ అనదు. ఆ సందులోంచే తప్పించుకుంటారు. ఇప్పుడు తాంబూలాలు, ఫోటోలు, పిల్లకు 18 రాగానే తాళి. ఇక ఆ రెండేళ్లూ పిల్ల చదువు మీద మనసు పెడుతుందా? వద్దనుకుంటే ఎట్లా వెనక్కి తగ్గుతుంది, ఊరంతా ఫోటోలు చూశాక? సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 18న ఇచ్చిన తీర్పులో ఈ సంగతే ఎత్తింది. మైనరుగా ఉండగానే పెళ్లి నిశ్చయించడం ఆ పిల్ల తన ఇష్టంతో ఎంచుకునే హక్కును లాక్కోవడమేనని, బాల్య నిశ్చితార్థాలను కూడా నిషేధించే విషయం పార్లమెంటు ఆలోచించాలని సూచించింది.

చట్టం వచ్చేదాకా ఆగాలా? ఫోటోగ్రాఫర్లు అడ్వాన్సు తీసుకునేటప్పుడు పిల్ల ఆధార్ కార్డు అడిగితే ఎంత మేలు! లాడ్జి వాళ్లు అడగడం లేదా? అనుమానం ఉన్నవారు 1098కి ఫోను చేయవచ్చు. మా ఫోటోగ్రాఫరుతో ఈ మాటే అంటే, "అడిగితే బేరం పోతుందక్కా" అన్నాడు. నిజం చెప్పాడు, అబద్ధం చెప్పలేదు.

మా వాళ్ల ఫోటోలు పోయిన వారం వచ్చాయి. ఎక్కువ భాగం నడుస్తున్నవే. పెళ్లి శ్రావణంలో అనుకున్నారు. ఉద్యోగం సంగతి వాళ్లమ్మను అడిగి చెబుతానన్న అబ్బాయి ఇంకా చెప్పలేదు. ఆ జవాబు వచ్చేదాకా పత్రికలు అచ్చుకు ఇవ్వొద్దని మా పిల్ల వాళ్ల నాన్నతో చెప్పింది. మా బావ నాకు ఫోను చేసి, "నువ్వేనా నేర్పించింది?" అని అడిగాడు.